ఆరోగ్యవంతుల వరసలో నా రక్తం

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తున్నాను అని రాయడం పద్ధతి. కానీ నువ్వు క్షేమంగా లేవని నువ్వే రాశాక, తెలిసి తెలిసి ఆ ముక్క ఎలా రాయమంటావు? అందుకని ఈసారికి సగం మర్యాదే. మరదలు, పిల్లలు, కొత్తగా దిగిన ఆ మహారాణి, నీ మనవరాలు, క్షేమమని తలుస్తున్నాను. నీ సంగతి తర్వాత తేలుస్తాను.

ఫోను చేయొచ్చు కదా, ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు అనుకుంటావేమో. ఫోనులో నేను కాలేయం అనే మాట ఎత్తగానే నీకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. "అక్కా, ఓనరు పిలుస్తున్నాడు" అంటావు. ఆ ఓనరు పాపం ఆదివారాలు కూడా నిన్ను పిలుస్తూనే ఉంటాడు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు. చింపేయగలవు, కానీ చింపేముందు చివరిదాకా చదువుతావు. నీ బుద్ధి నాకు తెలియదా?

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ కంటి ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పగానే అద్దం అడుగుతుందనుకున్నాను. అద్దం కాదు, నన్ను చూసింది. "ఇదేమిటే, నువ్వింత ముసలిదానివైపోయావు?" అంది. ఇన్నాళ్ళూ మసకలో నేను పడుచుదాన్నే అనుకుందట! అప్పటినుంచి అటక మీద దుమ్ము, గోడకి చెమ్మ, మీ బావ చొక్కా మీద మరక, అన్నీ ఆవిడకే కనబడుతున్నాయి. ఆపరేషను ఆవిడకి, శిక్ష మాకు.

మీ బావ రిటైరయ్యాక గడియారాలు బాగుచేయడం నేర్చుకుంటున్నారు. దాంతో మా ఇంట్లో గదికో టైము నడుస్తోంది. వంటింట్లో పది, హాల్లో పదిన్నర, పడగ్గదిలో ఇంకా నిన్నే. నేను సెల్‌ఫోను చూసుకుని డ్యూటీకి వెళ్తున్నాను. ఏమన్నా అంటే, "నీ నోటికంటే నెమ్మదిగానే తిరుగుతున్నాయిలే" అంటారు. పోనీ ఆ మాటైనా టైముకి అంటున్నారు, సంతోషం.

ఇక నువ్వు ఉత్తరం చివర, ఏదో మర్చిపోయి గుర్తొచ్చినట్టు రాసిన ప్రశ్న. "లేతు మెషిన్ మీద పని కదా, చేతికి ఎప్పుడూ ఏదో ఒక గాటు ఉంటుంది. పాపని ఎత్తుకోవచ్చా? ఇంతవరకు ఎత్తుకోలేదు." ఒరేయ్ పిడుగూ! అది చదివి నేను వంటింట్లోకి వెళ్ళి, అమ్మకి వినబడకుండా కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పిల్ల బోర్లా పడే వయసొచ్చింది, తాత ఇంకా గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడా? ఎత్తుకోరా. గాటు మీద ప్లాస్టరు వేసుకో, చేతులు కడుక్కో, ఎత్తుకో, ముద్దు పెట్టుకో. హెపటైటిస్ సి రక్తం రక్తంలో కలిస్తేనే అంటుతుంది. దగ్గితే అంటదు, కంచానికి అంటదు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే అంటదు. గడ్డం గీసుకునే బ్లేడు, పళ్ళ బ్రష్షు వేరుగా ఉంచుకుంటే చాలు. నువ్వు వాటితోపాటు నిన్ను కూడా వేరుగా పెట్టుకున్నావు.

మరదలికి కూడా ఈ పేరా చదివి వినిపించు. ఆవిడ నిన్ను ఏమీ అనదు కాబట్టి ఆవిడకి బాధ లేదనుకోకు. నోట్లో నాలుక లేనివాళ్ళ కడుపులోనే ఎక్కువ ఉంటుంది. నాలాంటివాళ్ళది అంతా బయటే.

"నువ్వింకా ఆ రక్తాల పనే చేస్తున్నావా?" అని కూడా అడిగావు. చేస్తున్నాను. ఈ రెండేళ్ళుగా నేను చేసే పని అచ్చంగా నీ జబ్బు మీదే అని నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పనివ్వలేదు నువ్వు. ఇప్పుడు చెబుతాను, కూర్చో.

పొద్దున్నే కింద క్లినిక్ నుంచి రక్తం గొట్టాలు పైకి వస్తాయి. వాటిని చిక్కటి ద్రవం మీద నెమ్మదిగా పోసి, మెషిన్‌లో గిరగిరా తిప్పితే ఎర్రదంతా అడుక్కి దిగి, మధ్యలో పల్చటి తెల్లటి పొర తేలుతుంది. ఆ పొరని గాజుగొట్టంతో పీల్చి తియ్యాలి. చెయ్యి వణికితే ఆ రోజు పని గోవిందా. అందులోనే మనకి కావలసినవి, జబ్బుని పోల్చుకుని పోట్లాడే టీ కణాలు ఉంటాయి. తాగే టీ కాదు, నవ్వకు, దాని పేరే అంత. ఆ కణాలని చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో వేసి, వాటికి వైరస్ ముక్కలు చూపిస్తాం. ప్రాణం లేని ముక్కలే, భయపడకు. ఏ కణమైనా "వీణ్ణి నేనెరుగుదును" అని గుర్తుపడితే, అది ఉన్నచోట ఒక నీలి చుక్క పడుతుంది. ఆ చుక్కలు చదవడమే నా ఉద్యోగం. నీకు ఇస్తామన్నలాంటి మందు బిళ్లలు వేసుకునేముందు ఒకసారి, వేసుకున్నాక ఒకసారి, ఆ తర్వాత మళ్ళీ, ఒక్కో మనిషి రక్తం చదువుతాం.

నువ్వు అడగకపోయినా నువ్వు రాసిన మాటకి జవాబు ఇందులోనే ఉంది. "ఆ డాక్టరు మందు ఇస్తానన్నాడు, నెలాఖరు గురువారం రమ్మన్నాడు. వద్దని చెప్పేస్తాను. నా ఒళ్ళు దేనికీ పలకదని ఒకసారి తేలిపోయింది కదా. చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని రాశావు. ఆ చివరి మాట సంగతి తర్వాత. ముందు ఒళ్ళు పలకకపోవడం సంగతి మాట్లాడుకుందాం.

ఆ పాత వైద్యం నేను మర్చిపోలేదు. వారం వారం పొట్టలో సూది. సూది పడిన రాత్రల్లా జ్వరం. జుట్టు రాలి, మనిషివి సగమైపోయి, దేనికీ కోపం రాని నువ్వు పప్పుగిన్నె విసిరికొట్టావని మరదలు ఏడుస్తూ ఫోను చేసింది. ఏడాది అన్న వైద్యం సగంలోనే ఆపేసి, "మీ శరీరం స్పందించలేదు" అన్నారు. డాక్టరు అలవాటుగా అన్న మాట అది, వాళ్ళ భాషలో ఒక రకం రోగికి పెట్టుకున్న పేరు. నువ్వు దాన్ని తీర్పు అనుకున్నావు. నా ఒళ్ళే చచ్చు ఒళ్ళు, నా బతుకే అంత అనుకుని ఇంటికి వచ్చేశావు.

చచ్చు ఒళ్ళు కాదురా. కష్టపడి అలిసిపోయిన ఒళ్ళు. మా ల్యాబు నడిపే మేడమ్ గారిని అడిగి, నాకు అర్థమైనంత మేరకు చెబుతున్నాను. ఒక వీధికి కాపలావాడు ఉన్నాడనుకో. ప్రతి రాత్రీ దొంగని చూసి "దొంగ, దొంగ" అని అరుస్తాడు. ఏళ్ళ తరబడి అరిచీ అరిచీ గొంతు పోతుంది. ఆఖరికి దొంగ ఎదురుగా నడిచిపోతున్నా నోరు పెగలదు. చూపు ఉంది, గుర్తు ఉంది, గొంతు లేదు. నీలాగా ఏళ్ళ తరబడి వైరస్ ఉన్నవాళ్ళ టీ కణాలు ప్లేటులో అలాగే ఉంటాయి. కణాలు ఉంటాయి, చుక్కలు పడవు. ఆ పాత సూదిమందు వైరస్‌ని తిన్నగా కొట్టదు, ఒంట్లో ఉన్న కాపలానే లేపి నిలబెట్టాలని చూస్తుంది. గొంతు పోయినవాణ్ణి తట్టి లేపి "అరవరా" అంటే ఏం అరుస్తాడు? నీకే కాదు, అప్పట్లో సగం మందికి పైగా అది పనిచేయలేదు.

ఇప్పటి బిళ్లలు వేరు. అవి కాపలావాడి సాయం అడగవు. వైరస్ తనలాంటివాటిని తయారుచేసుకునే పనిముట్లనే పట్టుకుని ఆపేస్తాయి. మూడు నెలలు, నోట్లో వేసుకునే మాత్రలు. ఒంటికి కాస్త నీరసం, తలనొప్పి, అంతే. నూటికి తొంభై అయిదు మందికి పోతోంది, పాత వైద్యం పలకనివాళ్ళకి కూడా. ఈ లెక్క నేను పేపర్లో చదివి చెప్పడం లేదు, రోజూ నా చేతుల మీదుగా చూస్తున్నాను. నీలాగే ఓడిపోయి వచ్చిన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. వైరస్ పోయిందని రిపోర్టు చేతికిచ్చిన రోజు ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాం. గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు నేను ఎవరినైనా ముట్టుకోవచ్చా అండీ?" అన్నాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని ఊపేశాను. ముందు కూడా ముట్టుకోవచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అబద్ధం ఆడను. వైరస్ పోయాక కూడా ఆ కాపలావాడి గొంతు పూర్తిగా తిరిగి రాదు. కొంత వస్తుంది. మా ప్లేట్లలో అదే కనబడుతోంది, కొన్ని చుక్కలు వస్తాయి, కొన్ని ఎప్పటికీ రావు. అందుకే మళ్ళీ అంటకుండా జాగ్రత్తగా ఉండాలి. నీ కాలేయం గట్టిపడిందని స్కానులో చెప్పారు కాబట్టి తర్వాత కూడా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. కానీ ఇప్పుడు ఆపకపోతే అది గట్టిపడుతూనే పోతుంది, ఆ తర్వాత ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు. ఇదే ఆఖరి మంచి సమయమని మీ డాక్టరు నీకు చెప్పే ఉంటాడు. నువ్వు నాకు రాయలేదు. అవునా, కాదా?

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అంటావు, తెలుసు. ఉందిరా, నాకుంది దురద. ఎందుకుందో ఇప్పుడు చెబుతాను. ఇంతసేపూ అమ్మ కళ్ళనీ మీ బావ గడియారాలనీ అడ్డం పెట్టుకుని దీని చుట్టూ తిరిగాను. రెండు నెలల నుంచి నా కడుపులో పెట్టుకున్నాను, అమ్మకీ మీ బావకీ తప్ప చెప్పలేదు.

మా ప్లేటులో రోగుల రక్తంతోపాటు ఒక వరస ఆరోగ్యవంతుల రక్తం కూడా పెడతాం. జబ్బు ఎరగని రక్తంలో చుక్కలు పడకూడదు, పడితే మా పనిలో ఏదో తేడా ఉందని అర్థం. అందుకోసం మా బిల్డింగు వాళ్ళమే వంతులేసుకుని రక్తం ఇస్తాం. ఒకసారి లిఫ్టు ఆపరేటరు, ఒకసారి మేడమ్, అలా. నేను మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. ప్లేటు చదివేవాళ్ళు రక్తం ఇవ్వకూడదని మా దగ్గర కట్టుబాటు. తన రక్తం తానే చదువుకుంటే చూపు అటో ఇటో మొగ్గుతుంది కదా.

ఆ రోజు మొదటిసారి ఆఫీసు గుమాస్తా వంతు. ఆయన సూది చూడగానే కుర్చీలోంచి జారిపోయాడు. నీళ్ళు చల్లి లేపాం. రోగుల రక్తం అప్పటికే సిద్ధంగా ఉంది, ఆగితే పాడైపోతుంది. "ఏమవుతుందిలే, నాది తియ్యండి" అని చెయ్యి చాపాను. విడ్డూరం చూశావా, పక్కవాళ్ళకి కట్టుబాట్లు నేర్పేదాన్ని నేనే, తెంచింది కూడా నేనే.

ప్లేటు బయటికొచ్చింది. ఆరోగ్యవంతుల వరసలో చుక్కలు. ఒకటీ అరా కాదు, చీమల బారులా నిండుగా. మా ల్యాబులో ఒకాయన ఉన్నాడు. పనిలో ఎంత నెమ్మది అంటే ఆయన్ని అందరం నిదానం అనే పిలుస్తాం. రక్తం గొట్టాలు ఆయనే సర్దాడు. ఇంకేముంది, ఎగిరి ఆయన మీద పడ్డాను. "రోగి రక్తం తెచ్చి నా వరసలో పోశారు! కళ్ళు ఎక్కడ పెట్టుకుని పనిచేస్తున్నారు?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, గొట్టాలన్నీ వరసగా చూపించి, "మారలేదమ్మా. మళ్ళీ తీసి చూడండి" అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు.

మళ్ళీ తీశాం. ఈసారి మేడమ్ దగ్గరుండి చూశారు, ప్లేటు నిదానమే చదివాడు. అవే చుక్కలు. మామూలు రక్తపరీక్ష చేస్తే వైరస్ లేదు. ఒకప్పుడు వచ్చిందని చెప్పే యాంటీబాడీలు కూడా లేవు. కాగితం మీద నాకంటే ఆరోగ్యవంతురాలు ఉండదు. మేడమ్ నన్ను గదిలో కూర్చోబెట్టి తలుపేశారు. "ఎప్పుడో, చాలా ఏళ్ళ కిందట మీకు హెపటైటిస్ సి వచ్చింది. మీ ఒళ్ళు దానంతటదే గెంటేసింది. నలుగురిలో ఒకరికి అలా జరుగుతుంది. కాలం గడిచేకొద్దీ యాంటీబాడీలు చెరిగిపోవచ్చు. టీ కణాలు మాత్రం మర్చిపోవు" అన్నారు.

తమ్ముడూ, అర్థమైందా? నీకొచ్చిందే నాకూ వచ్చింది.

మొదట భయమేసింది. ల్యాబులో ఎప్పుడైనా సూది గుచ్చుకుందా అని తెగ ఆలోచించాను. ఎప్పుడూ లేదు. ఆపరేషన్లు లేవు, ఒకరి రక్తం ఎక్కించుకున్నది లేదు, నీలాగా చేతి మీద పులి పచ్చబొట్టు పొడిపించుకున్నదీ లేదు. నాకేమీ తోచక ఒక సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని ఊరికే అడిగాను. "అమ్మా, చిన్నప్పుడు నాకేమైనా పెద్ద జబ్బు చేసిందా?" అని.

అమ్మ కన్నే కాదు, జ్ఞాపకం కూడా బాగుంది. "చెయ్యకేం? మీ ఇద్దరికీ ఒకేసారి విషజ్వరం రాలా? కాంపౌండరు రోజూ ఇంటికొచ్చి సూదులు పొడిచేవాడు. నువ్వు ముందు, వాడు తర్వాత. వాడు మంచం కిందికి దూరేవాడు, కాళ్ళు పట్టుకుని లాగేవాళ్ళం" అంది.

"సూది మార్చేవాడా?" అన్నాను.

"అప్పట్లో సూదులు మార్చడమేమిటే? గాజు సిరంజి, ఒకే సూది. పొద్దున ఒకసారి డబ్బాలో వేసి మరగబెట్టేవాడు, దాంతోనే వీధంతా తిరిగేవాడు. మంచివాడు, ఎప్పుడు పిలిచినా వచ్చేవాడు. ఎదురింటి దర్జీకి కూడా ఆయనే పొడిచేవాడు. ఆ దర్జీ పాపం చుక్క తాగి ఎరగడు, కడుపు ఉబ్బి పోయాడు." అంతా ఒక్క గుక్కలో చెప్పి, ఆగి, "ఆ జ్వరం తగ్గిన రెండు నెలలకి నీకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దలు. మీ నాన్న నిన్ను భుజాన వేసుకుని డాక్టర్ల చుట్టూ తిరిగారు. వాడికి మాత్రం ఏమీ కాలేదు. ఇనుపగుండు వెధవ, వీడికేం కాదు అని నవ్వుకున్నాం" అంది.

మర్నాడు ఇదంతా మేడమ్‌కి చెప్పాను. ఈ జబ్బులో అలాగే ఉంటుందట. మొదట్లోనే కామెర్లు వచ్చి పైకి పడకేసినవాళ్ళ ఒళ్ళు లోపల గట్టిగా పోట్లాడుతున్నట్టు లెక్క. వాళ్ళకే ఎక్కువగా పోతుంది. ఏమీ కానట్టు ఆడుకునేవాళ్ళలో అది చడీచప్పుడూ లేకుండా కాపురం పెడుతుంది. నేను పసుపు కళ్ళతో పడుకుని ఇంటిల్లిపాదితో సేవలు చేయించుకున్నాను. నువ్వు వీధిలో గోళీలాడుతూ దాన్ని లోపల పెట్టుకుని తిరిగావు. ఇన్నేళ్ళుగా తిరుగుతూనే ఉన్నావు.

ఇది రుజువు కాదు, చెప్పేస్తున్నాను. చుక్కలు వచ్చిందని చెబుతాయి గానీ ఎప్పుడు వచ్చిందో, ఎవరి సూది నుంచి వచ్చిందో చెప్పవు. మేడమ్ కూడా "బహుశా" అనే అన్నారు. ఆవిడ సైంటిస్టు, బహుశా అనాలి. నేను నీ అక్కని, నేను నమ్ముతున్నాను. కాంపౌండరు మీద కూడా నాకు కోపం లేదు. ఆయనకీ తెలియదు, అప్పటికి ఆ వైరస్‌కి పేరు కూడా లేదు.

మరి రెండు నెలలు ఎందుకు దాచావు అంటావు. భయపడ్డానురా. "అక్కకి వచ్చి దానంతటదే పోయింది, నాకు మాత్రం ఉండిపోయింది" అని నువ్వు ఇంకా కుంగిపోతావేమోనని. అందులోనూ నేనే గెలిచి వచ్చినట్టు నీకు ఎలా చెప్పను? నీ ఉత్తరంలో "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్న ముక్క చదివాక ఇక దాచడం పాపమనిపించింది.

పని దగ్గర ఎవరికో రక్తం ఇద్దామని మంచి మనసుతో వెళ్ళి, నీకు జబ్బుందని తెలుసుకుని ఇంటికొచ్చిన రోజు నాకు గుర్తుంది. నాన్న నీ చేతి మీద పులి వంక చూసి, "తిరుగుళ్ళు తిరిగితే వచ్చేవి ఇవే" అన్నారు. నీకు కంచం వేరు, గ్లాసు వేరు పెట్టించారు. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎందుకంటే నువ్వు కూడా అదే నమ్మావు. ఆ పచ్చబొట్టు వల్లే, ఆ స్నేహాల వల్లే, నా వల్లే అని. మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుని "పోనీలే అక్కా" అని వెళ్ళిపోయావు. నాన్న పోయినప్పుడు వచ్చి కూడా వీధి అరుగు మీదే కూర్చున్నావు. ఆ ఇంట్లో అదే జబ్బు ఎరిగిన రక్తంతో నేను వంటింట్లో తిరిగాను, అందరికీ వడ్డించాను, బంగారు తల్లి అనిపించుకున్నాను. నాకెవరూ గ్లాసు వేరు పెట్టలేదురా.

ఇంకో మాట కూడా చెప్పనివ్వు. ఒకవేళ నేను నమ్మేది తప్పై, అది ఆ పచ్చబొట్టు సూది నుంచే వచ్చిందనుకో. అయితే ఏమైంది? పంతొమ్మిదేళ్ళ కుర్రాడు చేతి మీద పులి పొడిపించుకుంటే, అది పిల్లిలా వచ్చినందుకు నవ్వాలి గానీ, కాలేయం పోగొట్టుకోమని శిక్ష వేస్తారా ఎవరైనా? ఆ బిళ్లలు నీకు జబ్బు ఎలా వచ్చిందని అడగవు. నువ్వు కూడా అడగడం మానెయ్యి.

ఇదంతా అమ్మకి చెప్పింది పోయిన ఆదివారం. విన్నంతసేపు పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "మరి నీకెందుకు పోయింది, వాడికెందుకు ఉండిపోయింది?" అంది. పూర్తిగా ఎవరికీ తెలియదమ్మా, ఒక్కో ఒంటిది ఒక్కో తీరు అన్నాను. "అంటే అదృష్టమేనా?" అంది. దాదాపు అంతే అన్నాను. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి నిలబడి, "ఇన్నేళ్ళూ నీ అదృష్టాన్ని నీ మంచి బుద్ధి అనుకున్నాం. వాడి ఖర్మకి వాడే కారణం అనుకున్నాం. మీ నాన్న అన్నప్పుడు నేనైనా నోరు విప్పాల్సింది" అంది.

ఆ పూటే పెట్టె దించమంది. కంటి డాక్టరు ఇంకా ప్రయాణాలు వద్దన్నాడని చెప్పాను. "కన్ను ఆయనదా? నాదా?" అంది. ఆవిడతో గెలిచేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు, నేను కూడా లేను. నాకు సెలవు దొరికింది. బుధవారం మధ్యాహ్నం బండికి ఇద్దరం దిగుతున్నాం. మీ బావ స్టేషన్ దాకా దిగబెడతారట, ఆయన గడియారాన్ని నమ్మకుండా నేను గంట ముందే బయల్దేరదీస్తాను. గురువారం నీతో క్లినిక్‌కి వస్తాను. నిన్ను ఈడ్చుకుని వెళ్ళను. నువ్వు వద్దంటే వద్దనే మాట నా ఎదురుగా, డాక్టరు ఎదురుగా చెప్పు. కానీ నీ తప్పుకి శిక్ష అనుకుంటూ మాత్రం చెప్పకు. ఆ కారణం ఇక చెల్లదు.

ఒక్కటే అడుగుతున్నాను. అమ్మ నీతో ఒక మాట చెప్పాలని వస్తోంది. దారిపొడుగునా లోపల లోపల అనుకుంటూనే వస్తుంది, నాకు తెలుసు. నువ్వు నీ అలవాటు ప్రకారం మొదటి ముక్క దగ్గరే "పోనీలే అమ్మా" అని ఆపేస్తావు. ఆపకు. ఎంతసేపు పట్టినా, మధ్యలో ఎన్నిసార్లు ఏడ్చినా, ఆవిడని పూర్తిగా చెప్పనివ్వు.

ఇట్లు,
సూదికి నీకంటే ముందు చెయ్యి చాపిన నీ అక్క